ఇసుక వేపుడు

బూరెల మూకుట్లో ఇసుక వేగుతోంది. చెంచయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పోపు మాడుతుందేమోనని భయపడే కొత్త కోడలిలా, అట్లకాడతో దాన్ని అడుగునుంచి పైకి తిరగేస్తున్నాడు. హనుమాయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన పొయ్యి ముట్టించడం ఇదే మొదలు. అదీ స్పీకరు పెట్టె కోసం.

టప్పుమని ఇసుకలోంచి ఒక పేలపుగింజ ఎగిరింది. దాని వెనకే ఇంకోటి.

ప్రహరీ అవతల యంకప్ప తల లేచింది. చెంచయ్య ఇంజను నడిపే రైసుమిల్లులోనే అతను బస్తాలు మోస్తాడు.

"ఏంది చెంచన్నా, ఇసుకల పేలాలు ఏంచుతున్నవ్? ఏ జాతరకు?"

చెంచయ్యకు వినపడలేదు. పాతికేళ్లుగా ఇంజన్ల పక్కన నిలబడ్డ ఆ చెవుల్లోంచి సన్నటి శబ్దాలు ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ముందు పిచ్చుకలు, తర్వాత సైకిలు బెల్లు, ఆ తర్వాత హనుమాయమ్మ. ఇంత అదృష్టం అందరికీ పట్టదని మిల్లులో మగవాళ్లు అనుకుంటారు.

బరువైన శబ్దాలు మాత్రం మిగిలాయి. కాలువ నీళ్ల వెంట గుంటూరు వైపునుంచి అందరూ రాయచూరు దగ్గర జవళగేరకు పొలాలు కొనడానికి వస్తే, సెంటు భూమి లేని చెంచయ్య మిల్లులో పనికి వచ్చాడు. వచ్చిన ఏడే, సింధనూరులో మూతపడ్డ టూరింగ్ టాకీసునుంచి చాటంత స్పీకరు మోసుకొచ్చాడు. అప్పట్నుంచీ దానికి పెట్టెలు కడుతూనే ఉన్నాడు. మామిడిచెక్క పెట్టె గణగణలాడింది. టేకు పెట్టె ముక్కుతో పాడింది.

"పెట్టె పాడకూడదే. పాట పాడాలి," అనేవాడు.

చెక్కలు రెండు వరసలుగా వేసి మధ్యలో ఇసుక పోస్తే పెట్టె నోరు మూసుకుంటుందని రాయచూరులో ఎవరో చెప్పారు. పోశాడు. అయితే ఆ ఇసుక తెచ్చింది వడ్లు నూర్చిన కళ్లం పక్కనుంచి. వానలకు కప్పు కారింది. శ్రావణంలో స్పీకరు పెట్టె అతుకుల్లోంచి వరి పచ్చగా మొలిచింది.

వలసొచ్చినవాళ్ల క్యాంపంతా వచ్చి చూసిపోయింది. "నాట్లెప్పుడన్నా?" అన్నాడు యంకప్ప. కలుపుకు కూలీలని పిలవమంటావా అని హనుమాయమ్మ కూడా ఓ మాట వేసింది. చెంచయ్య మాత్రం మొలకల్ని వేలితో నిమిరి, "గింజ మంచిదే," అన్నాడు.

అందుకే ఈ వేపుడు. వేగిన గింజ మొలవదు కదా.

మధ్యాహ్నానికి ఇసుక చల్లారింది. కొబ్బరిచిప్పతో చెక్కల మధ్య పోసి, అరచేత్తో తట్టి తట్టి కూరాడు. పెట్టెను గోడవారకు జరిపేటప్పుడు రెండుసార్లు ఆగి కూర్చున్నాడు.

"యంకప్పను పిలవనా?" చెవిలో అరిచింది హనుమాయమ్మ.

"ఇసుక బరువులే," అన్నాడు.

అన్నం తిని లేస్తూ ఆమె వైపు తిరిగాడు. "ఇయ్యాల వచ్చి కూర్చో. మృదంగం ఎడమపక్క, రవ్వముద్ద అద్దే పక్కుంటదే, ఆ బరువు మోత వినాలి. ఎప్పట్లా ఊరికే తలూపమాక. వినపడితేనే వినపడిందని చెప్పు."

ఇన్నాళ్ల తలూపుళ్లు ఆయనకు తెలుసన్నమాట! సిగ్గేసినా, ఆమెకు అంతకంటే ఆశ్చర్యంగా ఉంది. నిక్షేపంలాంటి తన చెవులకు అందనిది ఈ సగం చెవిటాయనకు ఏం వినపడుతుంది? అంట్లు తోముతున్నంతసేపూ అదే ఆలోచన. ఈసారి అబద్ధం ఆడకూడదనుకుంది.

చేతులు తుడుచుకుని వెళ్లేసరికి కచేరీ రికార్డు తిరుగుతోంది. చెంచయ్య గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. నేలంతా ఇసుక. ఆయనకని తెచ్చిన మజ్జిగ గ్లాసు పెట్టడానికి చోటు లేక పెట్టె మీదే పెట్టి, పక్కన చతికిలబడింది.

ఊపిరి బిగబట్టి వింది. గాత్రం వినపడింది. ఫిడేలు వినపడింది. మృదంగం టకటకలు కూడా. ఆయన చెప్పిన ఆ పక్క మాత్రం లేదు.

"లేదయ్యా, నాకు వినపళ్ళా," అంది.

ఆయన పలకలేదు. మామూలే కదా అని చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పింది. భుజం తట్టింది. తల మెల్లగా ఆమె వైపు వాలింది. చెయ్యి పట్టుకుంటే వేళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, కానీ తిరిగి పట్టుకోలేదు.

ఆమె కేకకు యంకప్ప గోడ దూకి వచ్చాడు. చెంచయ్య ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. తన తలకు చుట్టిన తువ్వాలు తీసేశాడు.

"పోయిండక్కా," అన్నాడు నెమ్మదిగా. కాసేపటికి రికార్డు వైపు చూసి, "ఆపేద్దునా?" అనడిగాడు.

హనుమాయమ్మ వద్దని చెయ్యి ఊపింది. ఆమె చూపు పెట్టె మీద నిలిచిపోయింది. అక్కడ గ్లాసులో, ఎవరూ ముట్టుకోని మజ్జిగ మీద, ఆగి ఆగి సన్నటి వలయాలు లేస్తున్నాయి. ఒక్కో వలయానికీ కరివేపాకు రెబ్బ కొద్దిగా ఊగుతోంది.