ఆదివారం ఫోన్లు

కొందరికి పుస్తకాల్లో చదివింది పుస్తకాల్లోనే ఉండిపోతుంది. క్రిస్టీనా టీచరు మరీ అంత తెలివితక్కువ మనిషి కాదు, కానీ ఆ ఒక్కరోజు మాత్రం అంత పనీ చేసింది.

నారాయణఖేడ్‌లో, చెరుకు కోతకు వలసపోయే వాళ్ల పిల్లల కోసం నడిచే ఒక హాస్టలులో ఆమె తెలుగు చెబుతుంది. దానితోపాటు పరిశోధన కూడా చేస్తోంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష ఉన్న పిల్లలకు ఆ రెండోది ఎలా అబ్బుతుందన్నది ఆమె ప్రశ్న. గైడు జగన్నాథ్ సారు సంక్లిష్ట వ్యవస్థల సిద్ధాంతం చెప్పేటప్పుడు ఖేడ్ బస్సు డిపోనే ఉదాహరణగా తీసుకునేవాడు. పొద్దున ఒక్క బస్సు చెడిపోతే సాయంత్రానికి ఎక్కడో సంబంధం లేని ఊళ్లో జనం రోడ్డు మీద నిలబడి ఉంటారు. భాషా అంతేనట. ఇంటి మాట, బడి మాట, బెంగ, ఆకలి, పక్కన కూర్చునే పిల్ల, అన్నీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మెట్లెక్కినట్టు రోజుకింత అని రాదు. నెలల తరబడి రానట్టే ఉండి, వెనక్కి కూడా పోయి, ఒకరోజు ఉన్నట్టుండి గలగలా వచ్చేస్తుంది. క్రిస్టీనా ఇదంతా నోట్సులో చక్కగా రాసుకుంది. ఇంటి భాషను ఆపించవద్దని రాసి, కింద ఎర్రగీత కూడా కొట్టుకుంది.

దసరా వెళ్లిన వారం బస్వరాజ్, అమృతమ్మ తమ కూతురు సంతోషిని హాస్టలులో దింపడానికి వచ్చినప్పుడు ఆ ఎర్రగీత ఎటు పోయిందో మరి. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ఊరు వాళ్లది. ఇంట్లో కన్నడమే. బస్వరాజ్‌కు రెండు భాషలూ వచ్చు. అమృతమ్మకు తెలుగులో నాలుగైదు మాటలు మించి రావు. ఏడేళ్ల సంతోషి అంతకుముందు ఏడాదంతా బడిలో నోరు విప్పలేదు. ఈసారీ ఇట్లనే ఉంటే పిల్లను తమవెంట చెరుకు తోటలకు తీసుకుపోతానని బస్వరాజ్ అన్నాడు. క్రిస్టీనాకు కంగారు పుట్టింది. చిన్నప్పుడు తనకు ఇంగ్లిషు రావాలని పెద్దమ్మ పెట్టిన నియమమే నోటికి వచ్చింది.

"ఇగ పిల్లతోని కన్నడం బంద్ పెట్టుండ్రి. మాట్లాడితే తెలుగుల్నే మాట్లాడుండ్రి. అట్లయితేనే జల్దీ వస్తది."

బస్వరాజ్ ఆ మాటను భార్యకు కన్నడంలో చెప్పాడు. మందిచ్చి పథ్యం చెబితే ఎలా వింటారో అలా విన్నదామె. తర్వాత ఏదో అడిగింది.

"ఎన్ని దినాలుండాలె అని అడుగుతుంది మేడం."

క్రిస్టీనా నవ్వింది. "పిల్లకు మాటలొచ్చేదాక."

అమృతమ్మ తలూపింది. గేటు దగ్గర సంతోషి కొంగు పట్టుకుంటే, ఏమీ అనకుండా ఒక్కో వేలూ విడిపించి, వెనక్కి చూడకుండా ట్రాక్టరు ఎక్కింది.

ప్రతి ఆదివారం క్రిస్టీనా చర్చి నుంచి వచ్చేసరికి చెరుకు తోట నుంచి ఫోను వచ్చేది. "తిన్నవా?" అని అమృతమ్మ గొంతు. "మంచిగ సదువుకో." ఆ రెండో మాట ఎవరి దగ్గర నేర్చుకుందో, బట్టీ పట్టినట్టు పలికేది. అంతే, ఇక మాట ఉండేది కాదు. సంతోషి కన్నడంలో ఏదేదో చెప్పేది, అడిగేది, బతిమాలేది. స్పీకరులో అవతల ఊపిరి చప్పుడు. కాసేపటికి పిల్ల ఫోను తిరిగిచ్చేసేది.

పాడు సిగ్నల్ అనుకునేది క్రిస్టీనా. రెండు భాషల మీద పరిశోధన చేసే మనిషికి ఒక తల్లి నోరు కట్టేసుకోవడం సిగ్నల్ గోలలా వినిపించిందంటే ఏమనాలి? నాకైతే ఇప్పటికీ కోపమే.

సంతోషి వారానికి ఎన్ని తెలుగు మాటలు పలుకుతోందో క్రిస్టీనా నోట్సులో రాసుకునేది. అక్టోబరులో పదకొండు. నవంబరులో ఏడు. డిసెంబరులో మూడు. కన్నడం వచ్చిన పిల్లలతో ఆడుకోవడం కూడా మానేసింది.

"ఎగిరే ముందు ఒక్కోసారి ఇట్లనే తగ్గుతది, తొందరపడకు" అన్నాడు జగన్నాథ్ సారు. "ఇంటి దిక్కు ఏమన్నా మారిందా?" అని కూడా అడిగాడు. ఏం లేదు సార్ అంది క్రిస్టీనా. అబద్ధమాడాలని కాదు. నిజంగానే గుర్తు రాలేదు.

జనవరి చివర్లో చెరుకు లోడుతో వస్తున్న ట్రాక్టరు కాలువలో బోల్తా పడి అమృతమ్మ చనిపోయింది. కబురు అందగానే క్రిస్టీనా సంతోషిని ఆటోలో ఊరికి తీసుకుపోయింది. అమ్మ ఇక లేదని దారిలో ఎలాగో చెప్పింది. పిల్ల ఎదురొచ్చే ప్రతి ట్రాక్టరులోకీ తొంగి చూస్తూ కూర్చుంది.

వాళ్లలో చనిపోయిన వాళ్లను కూర్చోబెట్టి సాగనంపుతారు. అమృతమ్మనూ ఇంటి ముందు గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నుదుట విభూతి, మెడలో పూలదండ. ఎవరైనా పిలిస్తే కళ్లు తెరిచేటట్టే ఉంది.

బస్వరాజ్ లేచి వచ్చాడు. తిడతాడేమో అనుకుంది క్రిస్టీనా. తిట్టినా బాగుండేది.

"నువ్వు చెప్పినట్టే ఉన్నది మేడం. పిల్లతోని ఒక్క కన్నడం మాట రానియ్యలే. ఫోన్ పెట్టినంక, చెప్పాలనుకున్నదంతా నాకు చెప్పి ఏడుస్తుండె. ఒక్కసారి మాట్లాడు పోనీ అంటే, పిల్ల సదువు ఖరాబైతది, మేడం వద్దన్నది అనేది."

అన్ని ఆదివారాల ఊపిరి చప్పుడూ మళ్లీ క్రిస్టీనా చెవిలో వినిపించింది. అప్పుడే సంతోషి ఆమె కొంగు లాగింది.

"టీచర్, మా అమ్మ నాతోని మాట్లాడకపోతుండె. నేనేం తప్పు చేసిన?"

తెలుగు. ఎక్కడా తడబాటు లేదు. సారు చెప్పిన ఆ ఒక్కరోజు ఇదే. దిక్కుమాలిన అలవాటు, క్రిస్టీనా మనసు ముందు అవి ఎన్ని మాటలో లెక్కపెట్టింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నువ్వేం తప్పు చెయ్యలే బిడ్డా. నీకు తెలుగొచ్చేదాక నీతోని కన్నడం మాట్లాడొద్దని నేనే చెప్పిన. తప్పు నాది."

సంతోషి ఆమెను చూసింది. తర్వాత గోడకానుకుని కూర్చున్న తల్లిని చూసింది. పిల్ల ముఖం తేటపడింది.

"నాకు తెలుగొచ్చింది కద టీచర్" అంది. "ఇగ మాట్లాడమని చెప్పు."