రెండు ఎలక్ట్రాన్లు తక్కువ

నెల్లితోపులో మా ఇంటి ముందుగదిలో ముప్పై ఏళ్లుగా ప్లస్ టూ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. పట్టాభిరామన్ నోట్సు బట్టీపడితే పుస్తకం తెరవక్కర్లేదని ఊళ్లో పేరు. ఆ పేరు నా నెత్తికెక్కింది.

2006లో హేమమాలిని చేరింది. తండ్రి త్యాగరాజన్ మిల్లు కార్మికుడు. డాక్టరు కావాలని ఆ పిల్ల పట్టుదల. ప్లస్ టూ మార్కులను బట్టి ఇచ్చే సర్కారు సీటు రాకపోతే, కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు.

ఒకరోజు డైబోరేన్ బొమ్మ గీశాను. రెండు బోరాన్లు, మధ్యలో ఒక గీత, చెరో మూడు హైడ్రోజన్లు. మా గురువు నాకు గీసిచ్చినట్టే. హేమ లేచింది.

"ఏడు గీతలుండాయి సార్. గీతకి రెండంటే పద్నాలుగు ఎలక్ట్రాన్లు. బోరాన్లవి ఆరు, హైడ్రోజన్లవి ఆరు, లెక్కేస్తే పన్నెండే గదా. మిగతా రెండు యాడ నుంచి వస్తాయి?"

ముందు చెప్పింది రాసుకో, సైంటిస్టువి తరవాత అవుదువుగాని అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ వారం టెస్టులో ఆమె పుస్తకం చూసి, రెండు హైడ్రోజన్లను బోరాన్ల మధ్య వంతెనల్లా పెట్టి గీసింది. ఎర్రసిరాతో కొట్టేశాను.

సాయంత్రం నేనూ పుస్తకం తీశాను. ఎలక్ట్రాన్లు చాలనప్పుడు ఒకే జంటను మూడు పరమాణువులు పంచుకుంటాయట. పిల్ల గీసిందే నిజం. రేపు చెబుదామనుకున్నాను. ముప్పై మంది ముందు తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పరీక్షల దాకా ఆ రేపు రాలేదు.

బోర్డు పరీక్షలో అదే ప్రశ్న పడింది. మూడు మార్కులు.

సీట్ల జాబితా వచ్చాక త్యాగరాజన్ కూతురితో వచ్చాడు. ఆ మూడు మార్కుల దగ్గరే సీటు పోయింది. తెప్పించుకున్న జవాబు పత్రం జిరాక్సు నా ముందు పెట్టాడు. అందులో నా బొమ్మే ఉంది.

"హాల్లో రెండూ గుర్తొచ్చినాయి సార్," అంది హేమ. "మీరు కొట్టేసినారు గదా అని మీదే రాసినాను."

ఏది సరి అని త్యాగరాజన్ నన్నడిగాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోట్సులో ఉన్నదే సరి, దిద్దినవాడికి తెలియలేదు అన్నాను.

అతను కూతురి వైపు తిరిగి, సార్ తప్పు చెప్పరని నేను అనలేదా అన్నాడు. తరవాత నాకు చేతులు జోడించాడు.

"మళ్లీ రాస్తాది సార్. ఈ ఏడు కూడా మీ దగ్గరే చేర్చుకోండి."

హేమ నన్నే చూస్తోంది. ఆ పిల్లకు నిజం తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూనే సరేనన్నాను.