ముందు సీటు

భూమిక కారు కొన్నదంటే పల్లెలో సగం మంది నమ్మలేదు. నమ్మినవాళ్లు చూడడానికి వచ్చి, "ఇదేనా?" అన్నారు. మూడు చేతులు మారిన ఎర్ర కారు అది. కుడి తలుపు ఒక ఎరుపు, ఎడమ తలుపు ఇంకో ఎరుపు. ఎవరేమనుకుంటే ఆమెకేం? హోసూరు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నిలువుకాళ్ల మీద పనిచేసి, చీటీ ఎత్తి కొన్నది. గొర్రెలు కాసే నాగన్న ఇంట్లో సైకిలన్నా కొన్నవాళ్లు లేరు, ఈ పిల్ల ఏకంగా కారు తెచ్చింది.

శూలగిరి దగ్గరి ఆ పల్లె దాకా కంపెనీ బస్సు వచ్చేది. అందుకని డ్యూటీకి బస్సు, సెలవు రోజుకు కారు. మిగతా రోజుల్లో కారు గొర్రెల దొడ్డి పక్కన రేకుల కింద నిలబడి ఉండేది.

భూమిక కోరిక ఒక్కటే. నాయనను పక్కన కూర్చోబెట్టుకొని కుందారపల్లి సంతకు పోవాలి. బతుకంతా టెంపో వెనక గొర్రెల మధ్య నిలబడి పోయిన మనిషి, ఆ సంతలో నలుగురూ చూస్తుండగా ముందు సీటులోంచి దిగాలి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, గుమ్మడికాయ పగలగొట్టి, సంత జరిగే శుక్రవారం సెలవు పెట్టి మరీ బయల్దేరింది. వెనక సీటులో మేనత్త గంగక్క, ఆమె కోడలు. నాగన్న ఉతికిన పంచె కట్టుకొని ముందు కూర్చున్నాడు, పెళ్లికొడుకులాగా.

హైవే ఎక్కీ ఎక్కకముందే ఆ సంబరం కాస్తా అయిపోయింది. మనిషికి చెమటలు పట్టాయి. అద్దం దించడం తెలియదు, బండి ఆపమని అడగడానికి మొహమాటం. ఒళ్లోనే కక్కుకున్నాడు. పంచె, కొత్త సీటు కవరు, అన్నీ పాడు. గంగక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుకు భూమికకు ఒళ్లు మండిపోయింది.

"నీకు గొర్రెల టెంపోనే సరి నాయనా. ఇంక నా కారెక్కొద్దు."

"సరే పాపా," అన్నాడు నాగన్న. నోరు కడుక్కొని, తన తువ్వాలుతో సీటంతా తుడిచి, బస్సెక్కి ఇంటికి పోయాడు.

నోరు జారానని భూమికకు ఆ సాయంత్రమే తెలుసు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంది. కన్నతండ్రి దగ్గర తప్పయిందని ఒక్క మాట అనడానికి ఏం పాడు సిగ్గో మరి. రోజులు గడిచిపోయాయి, మాట మాత్రం బయటికి రాలేదు.

ఆ తర్వాత ఎప్పుడు తలుపు తీసినా కారులో నిమ్మకాయ వాసన, దానికి తోడు గొర్రె వాసన. ముందు సీటు కింద ఎండిపోయిన నిమ్మకాయ దొరికితే, పూజనాటిదిలే అని పారేసింది.

ఒక శుక్రవారం తెల్లవారుజామున ఆమె డ్యూటీకి జడ వేసుకుంటుంటే దొడ్డి దగ్గర్నుంచి తల్లి మునివెంకటమ్మ అరుపు వినిపించింది. నాగన్న గుండె పట్టుకొని నేల మీద కూర్చుండిపోయాడు. భూమిక పరుగున పోయి కారు తాళం తిప్పింది. కారు ఉలకలేదు, పలకలేదు. లైటు లేదు, హారను లేదు. ఇరుగుపొరుగు వచ్చి బాట దాకా తోశారు, మళ్లీ వెనక్కి తోశారు. అయినా లాభం లేకపోయింది. అంబులెన్సుకు ఫోను చేస్తే ఎక్కడో బర్గూరు అవతల ఉందన్నారు. ఆమె స్టీరింగు మీద తల కొట్టుకుంది.

అప్పుడు సంతకు పోతున్న మారియప్ప టెంపో వచ్చింది. "ఎక్కించండప్పా, చూస్తా నిలబడినారే," అని మారియప్పే దిగి, గొర్రెలను ఒక పక్కకు నెట్టి గోనెపట్టలు పరిచాడు. నాగన్న తల కూతురి ఒళ్లో పెట్టారు. భూమిక నోటితో అన్న మాట ఇట్లా ఆమె కళ్లముందే జరుగుతోంది.

"కారు స్టార్ట్ కాలేదు నాయనా," అని ఏడ్చింది. "ఆ పొద్దు నేనట్లా అనకుండా ఉండాల్సింది."

నాగన్న ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. "ఈడ గాలి బాగుండాది పాపా. చూడు, వాంతి కూడా రాలేదు."

కృష్ణగిరి ఆసుపత్రి ఇంకా రానేలేదు, ఆ చెయ్యి జారిపోయింది.

కర్మాంతరం అయ్యాక కారు చూడమని మెకానిక్ యతీశ్‌ను పిలిపించారు. అతను బ్యాటరీ చూశాడు, చుట్టూ తిరిగి ఎడమ తలుపు చూశాడు.

"ఈ తలుపు సరిగా పడలేదక్కా. లోపలి లైటు రాత్రంతా వెలిగి బ్యాటరీ దిగిపోయింది. ఎవరు కూర్చోనుండిరి ఈడ?"

భూమిక ఎవరూ లేరనబోయింది. గడపలో కూర్చున్న మునివెంకటమ్మ అందుకుంది. "మీ నాయనే కదమ్మా. దినామూ మధ్యాన్నం నిమ్మకాయ వాసన చూసుకుంటా అందులో కూర్చోనేవాడు. మొదట్లో తలుపు తెరిచిపెట్టుకొని, ఆమీట కొన్నాళ్లకు తలుపేసి అద్దాలు కూడా ఎత్తుకొని. 'అలవాటు చేసుకుంటా ఉండాను, పాప పక్కన హోసూరు దాకా పోవల్ల' అనేవాడు. నీకు చెప్పొద్దన్నాడు. గట్టిగా వేస్తే పాప కారు చెడిపోతాదని తలుపు మెల్లంగా వేసేవాడు."

అంటూ అంటూనే ఆమె ఆగిపోయింది. తలుపు వైపు చూసింది, కూతురి వైపు చూసింది. "అయితే ఆయన వేసిన తలుపు వల్లనేనా?"

భూమికకు గుండె పగిలిపోయింది. నాయనా, ఎంత పని చేసినావు, అని నేల మీద పడి ఏడవాలనిపించింది. తల్లి ముఖం చూసి ఆ ఏడుపును అక్కడే మింగేసింది.

"కాదమ్మా," అంది. "ఆ రాత్రి ఫోను ఛార్జరు కోసం నేను పోయినాను. నేనే తలుపు సరిగా వెయ్యలేదు."

"నువ్వా," అంది మునివెంకటమ్మ. నమ్మింది. లేచి లోపలికి పోయింది. ఆ పూట కూతురికి అన్నం పెట్టలేదు.