పుర్రె కింద రెండు తాళ్ళు

ఇరవై రెండేళ్ళుగా మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాలులో పని చేస్తున్నాను. పిల్లలు కోసి నేర్చుకునే శరీరాలను సిద్ధం చేసేదీ, వాళ్ళు చెడగొట్టినవి సరిచేసేదీ నేనే. అయినా కాగితం మీద నేను ఉత్త సహాయకురాలిని. టెక్నీషియన్ పోస్టు కావాలంటే పరీక్ష పాసవాలట. రెండుసార్లు తప్పాను. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, ఇక ఆ పోస్టు మీద ఆశ వదులుకోవాల్సిందే.

మా వదిన, అంటే మా ఆయన అక్క, మాతోనే ఉంటుంది. నేను ఈ పనిలో చేరినప్పటి నుంచీ రోజూ నన్ను చూసి తల అడ్డంగా ఊపనిదే ఆవిడకు పొద్దు గడవదు, ఇప్పుడేమో ఈ వయసులో నీకు పరీక్షలేంటని. నా బట్టలకు మందు వాసనట, నేను పక్కన కూచుంటే తిండి సయించదట. మా ఆయన దర్జీ. ఇద్దరి మధ్యా నోరు మెదపడు. కానీ పరీక్షకు వారం ముందు నుంచీ నాచేత పాత కోట్ల లోపలి గుడ్డ, అస్తరు, విప్పించాడు. గుడ్డ చిరక్కూడదు. లాగకు, ముందు ఎటు కదులుతుందో చూడు అన్నది ఒక్కటే ఆయన పాఠం.

పరీక్షలో నాకు వచ్చిన చీటీ విప్పి చూశాను. పోయినేడు నన్ను ముంచిన ప్రశ్నే! మెడలో రెండో వెన్నుపూస నుంచి వేలికొసంత ఎముక పైకి లేచి ఉంటుంది, దాన్ని పన్ను అంటాం. ఆ పన్నుకు రెండు పక్కలా పుర్రె అడుక్కి పోయే పొట్టి తాళ్ళుంటాయి, ఆలార్ లిగమెంట్లు. రెండూ తెగకుండా బయటపెట్టాలి.

పోయినేడు పరీక్షకురాలు ఇంకా శుభ్రం చెయ్యి అంటే, సరేనని తల వంచుకుని గీకాను. కొవ్వుతో పాటు కుడి తాడూ పోయింది. మా పనిలో అందరం చేసే తప్పే అది. పుస్తకంలో బొమ్మలా తెల్లగా మెరవాలని గీకి గీకి అసలుదాన్నే ఊడగొట్టుకుంటాం. ఈ ఏడూ ఆవిడే వచ్చింది, నా ఖర్మ.

బల్ల మీద ఉన్నది ఒక పెద్దావిడ. పిల్లల చదువుకని శరీరం రాసిచ్చి పోయింది. కత్తి పెట్టే ముందు ఎప్పుడూ అనే మాటే అన్నాను, కాస్త ఓర్చుకో తల్లీ అని. పరీక్షకురాలు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. చూడనీ.

మెడ వెనక పెద్ద కండరాలు తీస్తే, పుర్రెను ఆనుకుని నాలుగు జతల బుల్లి కండరాలు. మనం తల ఎత్తినా, పక్కకి చూసినా సగం వాటి పుణ్యమే. వాటిని కత్తి పిడితో విడదీశాను. వెనక ఎముకలు రంపంతో తీసి, వెన్నుపాము తప్పించాను. అక్కడ మందపాటి పొర, దాని కింద పన్నును అడ్డంగా కట్టేసిన పట్టీ. రెండూ ఒకటే అనుకుని కలిపి లాగేస్తారు చాలామంది. నేను కోటు అస్తరు గుర్తు చేసుకుని పొరను కింది అంచు నుంచి విప్పడం మొదలుపెట్టాను. అబ్బ, ఎంత చక్కగా వచ్చిందో! పట్టీ పైన ఎడమ తాడు ఏటవాలుగా బయటపడింది. కుడి పక్క మాత్రం పచ్చటి కొవ్వు ముద్ద. కత్తి పక్కన పెట్టేశాను.

పరీక్షకురాలు వచ్చి వంగి చూసింది.

"ఎడమది ఉంది. కుడిది మళ్ళీ కోసేశావు," అంది.

కొయ్యలేదన్నాను. అయితే ఆ చెత్త గీకేసి చూపించమంది. నాకు ఒళ్ళు మండింది. గీకనన్నాను. నా ఇరవై రెండేళ్ళూ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయని తెలుసు. అయినా సరే, గీకితే ఒట్టు.

"మీ వేలు ఇక్కడ పెట్టండి మేడమ్," అన్నాను.

ఫెయిల్ చేసే ముందు ఆ ముచ్చటా తీరుద్దాం అన్నట్టు పెట్టింది. పెద్దావిడ తలను రెండు చేతుల్లోకీ తీసుకున్నాను. "తల్లీ, ఒక్కసారి ఎడమకు చూడు," అని మెల్లగా తిప్పాను. తల ఎడమకు తిరిగితే కుడి తాడు బిగుస్తుంది, ఇక చాలని ఆపుతుంది. కొవ్వు కింద అది బిర్రుగా లేచి మేడమ్ వేలిని పైకి తోసింది. తల అక్కడితో ఆగిపోయింది.

అప్పుడు చూడాలి ఆవిడ ముఖం! ఇంకోసారి తిప్పమంది. మళ్ళీ బిగిసింది. తాడు ఎక్కడుందో తెలిశాక కొవ్వును పట్టకారుతో కొంచెం కొంచెంగా తీశాను. పుస్తకంలోలా ఏటవాలుగా లేదది. అడ్డంగా, పొట్టిగా, లావుగా ఉంది. ఒక్క గాటు లేదు.

ఆవిడ తక్కిన పరీక్షకులందరినీ పిలిచి ఒక్కొక్కరి వేలూ అక్కడ పెట్టించింది. పోయినేడు గీకించింది నేనే, తప్పు నాదే అని అందరి ముందూ అంది. మార్కుల కాగితం నా ఎదుటే నింపి సంతకం పెట్టింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంట్లో అడుగు పెట్టగానే వదిన ముక్కు చిట్లించి తల అడ్డంగా ఊపబోయింది. గబుక్కున వెళ్ళి ఆ తల రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఇన్నేళ్ళుగా నన్ను చూసి ఇంత ఊపినా ఈ తల ఊడిపోకుండా పట్టుకున్న తాళ్ళు ఇవాళ చూసొచ్చాను వదినా. పాసయ్యాను."

మా ఆయన మిషను ఆపేశాడు. వదిన నా చేతులు తోసెయ్యలేదు. నా చేతుల మధ్యే ఆ తల, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, నిలువుగా ఊగింది.