గన్నేరు కింద రెక్కలు

రెక్కలు.

దేవదాసు పెదవుల మీద సన్నటి రెక్కలు. నురగలో తడిసి, అంటుకుని, అతను ఊపిరి లాగినప్పుడల్లా వణుకుతున్నాయి.

రేకుల గదిలో, చాప మీద, అతని కాళ్లు కొట్టుకుంటున్నాయి. చెమట. చొంగ. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి.

"ఏం తిన్నడు?" క్యాంపు కాంపౌండర్ దస్తగిర్ అడిగాడు.

"ఉసిళ్ళు," అన్నాడు లచ్చన్న. "నేనే వేయించిన. ఉప్పు, కారం ఏసి."

"ఉసిళ్ళు తింటె మనిషి గిట్లయితడా? వాటి మీద ఏందో పడ్డది. గన్నేరు పాలా, దోమల పంపు మందా? జల్ది చెప్పు. గన్నేరైతే ఉప్పునీళ్లు తాపి కక్కించాలె. పంపు మందైతే విరుగుడు సూది. ఒకదానికి ఇంకోటి చేస్తె ఖతం."



లచ్చన్నకు తెలుసు.

వడగాలి పోయింది. కొండల మధ్య వాడీలో, ఆ ఎండు వాగులో, మడుగు చల్లబడింది. నీళ్లలోంచి పురుగులు లేచాయి… ఒక రోజు గన్నేరు కొమ్మల మీద ఆగి, మరునాటి సాయంత్రం నీటి మీద ఎగిరి, ఆడి, రాలి, చచ్చే పురుగులు. అవి రాలిన చోటల్లా చేపలు నోళ్లు తెరిచేవి.

మస్కట్ నుంచి బర్కా వైపు రోడ్డు వేస్తున్న ఆ క్యాంపులో వాటి పేరు ఎవరికీ తెలియదు. కరీంనగర్ కూలీలు ఉసిళ్ళన్నారు. తొలకరికి పుట్టలోంచి లేచే ఉసిళ్ళు. ఊడ్చి, చెరిగి, పెనం మీద వేయించుకు తినే ఉసిళ్ళు.

వానే పడని దేశంలో ఉసిళ్ళు!

ఆ రోజు శుక్రవారం, సెలవు. లచ్చన్న, దేవదాసు స్నానం చేసి వస్తుంటే గన్నేరు పొదల కింద కుప్పలు కుప్పలు.

ఎందుకు రాలాయని ఇద్దరూ అడగలేదు. ఇంటికాడ ఉసిళ్ళు రాలేవే కదా.

"అన్నా, మా అవ్వ వేయించినట్టు లేవే," అన్నాడు దేవదాసు, నోట్లో బుక్కతోనే.

"మీ అవ్వను పిలుసుకో పో. లేకుంటె మూసుకొని తిను."

నవ్వాడు దేవదాసు. తిన్నాడు. ఇంకా తిన్నాడు.

లచ్చన్న వంతు రెండో వాయి పెనం మీద ఉండగానే పడిపోయాడు.

జీపు కోసం మడుగు దాకా ఉరికాడు లచ్చన్న. అక్కడ ఇంజనీరు జనార్దనరావు ఒక్కడే ఉన్నాడు. రాయి మీద గాలపు కర్ర. దాని కొసన ఈకతో, పట్టుదారంతో కట్టిన దొంగ పురుగు.

అతను పంపు కడుగుతున్నాడు.

దోమల పంపు.

"జీపు కంపెనీ దొరగారితో మస్కట్ వెళ్ళిపోయిందిరా." గొంతులో సంతోషం ఇంకా ఆరలేదు. "వేస్తే చేప! వేస్తే చేప! నిన్న ఒక్కటీ పడక మొహం మాడ్చుకుని వెళ్ళారు కదా… ఇవాళ నా భుజం తట్టారు."

నిన్న నీళ్ల నిండా నిజం పురుగులు. కడుపు నిండిన చేప దొంగ పురుగును చూడనైనా లేదు. అందుకే ఈ మధ్యాహ్నం జనార్దనరావు పొదలన్నిటికీ మందు కొట్టాడు. కొమ్మ కొమ్మకూ. ఆకు ఆకుకూ. సాయంత్రానికి నీటి మీద పురుగు లేదు — దొర గాలం తప్ప.

దొర మనసు కరిగితే ఫ్యామిలీ క్వార్టర్. కాకినాడ నుంచి భార్య జయలక్ష్మి వస్తుంది.

"సార్, దేవదాసు సస్తున్నడు. పొదల కింది పురుగులు తిన్నడు."

జనార్దనరావు చేతిలో పంపు ఆగింది.

"వాటిని తింటార్రా? మనుషులేనా మీరు?"

తర్వాత, మెల్లగా…

"పంపు నువ్వు చూళ్ళేదు. నోరు జారావా, బొంబాయి విమానం ఎక్కిస్తాను. అయినా వేయించి పెట్టింది ఎవడు? వాడు పోతే పోలీసులు పట్టుకునేది ఎవణ్ణి?"

ఇప్పుడు అతను గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి.

"గన్నేరేనయ్యా, దస్తగిర్. ఆ పొదల కిందే ఏరుకున్నారట."

చదువుకున్న మనిషి మాట. దస్తగిర్ ఉప్పునీళ్లు కలిపాడు.

లచ్చన్న చూస్తున్నాడు.

పాస్‌పోర్టు జనార్దనరావు బీరువాలో ఉంది. ఇంటికాడ పెళ్లాం శాంతవ్వ ఉంది, పిల్లలున్నారు, ఎండిన బావి ఉంది. ఇక్కడ చాప మీద దేవదాసు ఉన్నాడు.

నోరు కట్టుకుంటే బతుకు ఉంటుంది.

ఎవరి బతుకు?

దస్తగిర్ దేవదాసు తల ఎత్తిపట్టాడు. గ్లాసు నురగకు తగిలింది.

లచ్చన్న చెయ్యి గ్లాసును కొట్టేసింది.

"సూది ఎయ్యి."

"పాగల్! ఉన్నది ఒక్కటే సూది. ఊరికె పొడిస్తె గుండె ఆగుతది. పంపు తాళం సార్ తాన ఉంటది గద — మందు ఎవరు కొట్టిండ్రు?"

"లచ్చన్నా…" అన్నాడు జనార్దనరావు. చాలా మెత్తగా. ఇన్నాళ్లలో అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

పెట్రోమాక్స్ బుసకొడుతోంది. మందు తగలని పురుగులు వాడీ నుంచి వచ్చి దాని చుట్టూ ఎగురుతున్నాయి. ఆడుతున్నాయి. చాప మీద రాలుతున్నాయి.

దేవదాసు కాళ్లు కొట్టుకోవడం ఆగింది.

"ఎవరు?" దస్తగిర్ అరిచాడు.

"జనార్దనరావు."