చెవి గాటు

నేను ఒక చిన్న కత్తిని. నార్వే ఉత్తర కొసన, మంచుజింకలను మేపే సామీ కాపరుల నడుమ బతికాను. దూడల చెవులకు ఇంటి గుర్తు కోయడం నా పని. చెవి మీద గాటే అక్కడ యజమాని పేరు. రావ్నా అనే కాపరి అమ్మాయి తండ్రి జింకకొమ్ముతో నాకు పిడి చేశాడు. ఆయన పోయాక ఆమె నడుముకు వేలాడాను. ఎన్ని చెవులు కోశానో! అరిగి అరిగి సన్నబడ్డాను.

రావ్నాకు పక్క మంద కాపరి ఇస్సాత్‌తో పడేది కాదు. చలికాలం వస్తే మంచు కింద జింకలు మేసే నాచున్న కొండవాలుకు ముందెవరు చేరాలా అని ఇద్దరికీ ఒకటే పరుగు. రెండోవాళ్లు తిట్టుకుంటూ రాళ్లదారి పట్టేవాళ్లు. జింకలకు మాత్రం ఈ పంతాలు తెలియవు. ఎదురుపడితే చాలు, కలిసిపోయేవి.

ఒక ఏడు నడిచలికాలంలో వాన కురిసి, మంచు మీద గడ్డకట్టింది. గిట్టలతో ఎంత తవ్వినా నాచు అందక పశువులు కూలబడసాగాయి. ఆ ఏడు వాలు ఇస్సాత్‌ది. అక్కడి ముసలి చెట్ల కొమ్మలకు కూడా నాచు వేలాడుతుంది. రావ్నా పంతం మింగుకుని వెళ్లింది.

"ఇస్సాత్, నా మంద ఇక నిలబడేలా లేదు."

"కుక్కల్ని కట్టేసి తోలుకురా."

"నీ మేత సగమైపోద్ది."

"ఒక్కణ్ణే ఎన్ని కొమ్మలు నరకను? గొడ్డలి తెచ్చుకో."

మంచు కరిగేదాకా ఒకే పొయ్యి దగ్గర తిన్నారు. వేసవిలో మందలు విడదీస్తుంటే, తల్లి చచ్చి, ఎవరి మందదో తేలని దూడ ఒకటి గుర్తు లేకుండా మిగిలింది. రావ్నా దాన్ని ఒడిలో అదిమి నన్ను తీసింది. నాకు ఆమె ఇంటి గాటే అలవాటు. ఆమె మాత్రం ఇస్సాత్ ఇంటి గాటు పెట్టింది.

"పొరపాటున కోశావా?" అన్నాడతను.

"పని చూడు. ఇంకా బోలెడున్నాయి."

దాంతో మనుషులు మారిపోయారనుకునేరు! మంచు పడగానే మళ్లీ అదే పరుగు, అవే తిట్లు.

మోకాళ్లు మొరాయించాక రావ్నా మంద అమ్మేసి ఊళ్లోకి మారింది. పోతూ పోతూ నన్ను ఇస్సాత్ చేతిలో పెట్టింది.

"మీ చెల్లెలికి ఇవ్వరాదా?"

"నా మంద నడక దానికేం తెలుసు? ఇన్నేళ్లూ కళ్లలో వత్తులేసుకుని చూసింది నువ్వేగా."

ఆ చలికాలం వాలుకు ఇస్సాతే ముందు చేరాడు. ఆకలితో జింకలు గిట్టలతో మంచు తవ్వుతున్నా, చాలాసేపు రావ్నా మంద వచ్చే వెనకదారి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. నా పిడి మీదున్న అతని చెయ్యి నాకంటే అలిసిపోయి ఉంది.