రేపటి లీవు

మూడో మంచం కింద వాంతి తుడుస్తూ అఖిల కప్ప గుండెలో గదులు గుర్తు చేసుకుంటోంది. రెండు కర్ణికలు, ఇంకా... అక్కడితో ఆగిపోయింది. రాత్రి డ్యూటీ, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం మళ్లీ డ్యూటీ. ఇక బుర్రలో ఏం నిలుస్తుంది పాపం!

మిర్యాలగూడలోని ఆ ప్రైవేటు దవాఖానాలో దీన్ని నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగ్ అంటారు. జీతం అడిగితే, నేర్పిస్తున్నాం కదా అంటారు. నేర్పింది చీపురూ, బెడ్‌పాన్లూ! ఇది దాటి నిజమైన నర్సు కావాలంటే ఇంటర్ బైపీసీ పాసవ్వాలి. రేపు మధ్యాహ్నం జువాలజీ ప్రాక్టికల్స్. అవి పోతే ఏడాది గంగలో కలిసినట్టే. లీవు కోసం సీనియర్ నర్సు వసంత వెనక తిరిగి తిరిగి అఖిల కాళ్లరిగాయి.

సాయంత్రం వసంతే పిలిచింది.

"గా మూల మంచం మీదామె మీ తండాలోల్ల మనిషే, దామరచర్ల దిక్కు. మేం చెప్తే నమ్ముతలేదు. గర్భసంచి తీసెయ్యకుంటే క్యాన్సర్ అయితదని మీ భాషల నువ్వు చెప్పు. ఒప్పించినవనుకో, రేపు లీవు నీదే."

"పరీక్షలేం చెయ్యలే గద సిస్టర్?"

"అవన్నీ నీకెందుకే? ఆపరేషన్లు తక్కువైనయని డాక్టరు సారు పొద్దున నన్నెంత మాటన్నడో నీకేమెరుక!" వసంత కళ్లలోనూ నిద్ర లేదు.

మంచం మీది మనిషి పేరు తారా. ముప్పై కూడా నిండలేదు. కడుపునొప్పని వచ్చింది. అఖిలను చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని లంబాడీలో మాట్లాడింది.

"నువ్వు మన పిల్లవే గద! నువ్వు చెప్పు చెల్లె, నీ మాటింట."

అఖిల తల్లికీ ఇట్లాగే ఎవరో భయం చెప్పి సంచి తీయించారు. ఆ తల్లి ఇప్పుడు నాట్లకు వంగితే నడుం పట్టుకుని గట్టు మీద కూలబడుతుంది. అయినా రేపు ప్రాక్టికల్స్. ఒక్క మాట చెబితే చాలు. ఛీ, ఏం బతుకు! తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇప్పుడే సంతకం పెట్టకు అక్కా," అంది తమ భాషలోనే. "ముందు సర్కారు దవాఖానకు పోయి పరీక్షలు చేయించుకో. గాళ్లు తీయాలంటే అప్పుడు సూడు."

తలుపు దగ్గర నుంచి వసంత కేకేసింది. "ఏమంటుందే? ఒప్పుకుందా?"

"లేదు సిస్టర్."

"ఎందుకు? వద్దంటుందా?"

"నేనే వద్దన్న."

వసంత తిట్టలేదు. గోడ మీది డ్యూటీ బోర్డులో రేపటి మధ్యాహ్నం గడిలో అఖిల పేరు రాసి వెళ్లిపోయింది.

తారా మంచం దిగబోతుంటే, అఖిల వంగి ఆమె చెప్పులు వెతికి కాళ్ల ముందు పెట్టింది.